వేలూరు కోటలో మనం ఏ బోర్డు అడగాలి?

పోయిన ఆదివారం సమావేశంలో తీర్మానానికి అందరూ చేతులెత్తితే నేనొక్కణ్ణే ఊరకే కూర్చున్నాను. తర్వాత ముగ్గురు ఫోన్ చేసి అడిగారు, ఒకరు కోప్పడ్డారు కూడా. అక్కడ నిలబడి చెప్పే ధైర్యం లేక కాదు, రెండు నిమిషాల్లో చెప్పే విషయం కాదని. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదవండి. తెలుగు చదవడం రాని మన పిల్లలకు ఎవరైనా పైకి చదివి వాయిస్ మెసేజ్ పెడితే సంతోషం.

బెంగళూరు, బరంపురం, షోలాపూరు వైపు సభ్యులకు సంగతి తెలియదు కాబట్టి ముందు అది చెబుతాను. వేలూరు కోట గుమ్మం దగ్గర ఒక నల్లరాతి పలక పెట్టించాలని మన శాఖ తీర్మానం చేసింది. ఈ కోటను కట్టినది తెలుగు నాయకులని, విజయనగరపు ఆఖరి రాజులకు ఇది రాజధాని అని, దాన్ని తెలుగులో చెక్కించాలని. చందాలు కూడా మొదలయ్యాయి.

పలకలో రాయాలనుకుంటున్న మాటల్లో అబద్ధం లేదు. 16వ శతాబ్దంలో చిన్న బొమ్మినాయకుడి కాలంలో కోట లేచింది. తర్వాత ఆరవీటి రాజులు పెనుగొండ నుంచి చంద్రగిరికి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు. అందుకే మన పెద్దవాళ్ళు ఇప్పటికీ రాయవేలూరు అంటారు. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయ్యేదాకా అదీ ఇదీ ఒకే ఉత్తర ఆర్కాడు, జిల్లా కేంద్రం చిత్తూరు. కాబట్టి తెలుగువాళ్ళం ఇక్కడ నిన్నా మొన్నా దిగినవాళ్ళం కాదు. ఇంతవరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు.

నా అభ్యంతరం ఒకటే. 133 ఎకరాల ఆ కోటలో మనం చెప్పుకోవలసింది రాజుల సంగతి అనుకుంటున్నాం. నా లెక్కలో చెప్పుకోవలసింది బ్యారక్స్ సంగతి.

కోటకు వచ్చే పదిమందిని ఆపి "1806లో గొడవ జరిగిన బ్యారక్స్ ఎక్కడండీ?" అని అడిగి చూడండి. తొమ్మిదిమంది గుడి వైపు చెయ్యి చూపిస్తారు, పదోవాడు కందకంలో పడవ షికారు గురించి చెబుతాడు. మనవాళ్ళలో కూడా చాలామందికి ఆ కథ "సిపాయిలు తిరగబడ్డారు, తెల్లవాళ్ళు అణిచేశారు" అనే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతుంది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు కొడుకులను, ఆడవాళ్ళను, పరివారాన్ని కంపెనీవాళ్ళు తెచ్చి ఈ కోటలోని మహళ్ళలో ఉంచారు. వాళ్ళకు కాపలా మద్రాసు సైన్యం. 1806లో కోటలో 69వ రెజిమెంటుకు చెందిన నాలుగు కంపెనీల తెల్ల సైనికులు, మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీవి మూడు బెటాలియన్లు ఉన్నాయి. ఒకటో రెజిమెంటువి రెండు, ఇరవై మూడో రెజిమెంటుది ఒకటి.

అంతకుముందు సంవత్సరం చివర్లో సైన్యాధిపతి సర్ జాన్ క్రాడక్ కొత్త నియమాలు తెచ్చాడు. కవాతులో నుదుట బొట్టు, నామం ఉండకూడదు. చెవిపోగులు తీసెయ్యాలి. గడ్డం గీయించాలి, మీసం ఒక కొలతలో ఉండాలి. పాత తలపాగా తీసేసి, తోలు బిళ్ళ ఉన్న కొత్త రకం తలపాగా పెట్టుకోవాలి. అది చూడ్డానికి తెల్లవాళ్ళ టోపీలా ఉంది. టోపీ పెట్టుకున్నవాడంటే ఆ రోజుల్లో మతం మారినవాడని అర్థం. ఊళ్ళోకి వెళితే పెళ్ళాం వంట చెయ్యదు, బంధువులు నీళ్ళు ఇవ్వరు అని సిపాయిల భయం. మే నెలలోనే కొందరు ఎదురుతిరిగితే మద్రాసుకు పట్టుకెళ్ళి విచారించారు. ఇద్దరికి, ఒక హిందువుకు ఒక ముస్లింకు, కొరడా దెబ్బలు కొట్టి సైన్యం నుంచి వెళ్ళగొట్టారు. ఇంకో పందొమ్మిది మంది క్షమాపణ చెప్పుకుని బయటపడ్డారు.

ముస్తఫా బేగ్ అనే సిపాయి, ఏదో జరగబోతోందని ముందే వెళ్ళి పైఅధికారికి చెప్పాడు. వాడికి పిచ్చి అని తేల్చి కట్టేశారు. గొడవ అయిపోయాక వాడికే బహుమానం ఇచ్చారు. మన ఆఫీసుల్లో కూడా ఇలాగే కదా అనిపిస్తుంది నాకు.

ఇక బ్యారక్స్ సంగతి. ఆ రోజుల్లో రాతి గోడలు, పైకప్పు ఉన్న బ్యారక్స్ తెల్ల సైనికులకు మాత్రమే. పెళ్ళాం బిడ్డలున్న మన సిపాయిలు కోట గోడకు అవతల ఎవరి గుడిసెలో వాళ్ళు ఉండేవాళ్ళు. మట్టిగోడ, తాటాకు. వాటిని లైన్లు అనేవారు. ఇప్పటికీ ఎన్ని ఊళ్ళల్లో "లైన్" అని వీధి పేర్లున్నాయో చూడండి. బెంగళూరులో దండు అంటాం చూడండి, ఆ దండు ప్రాంతం పుట్టిందీ ఇలాంటి లెక్కలోనే. తెల్లవాడికి కట్టడం, నల్లవాడికి స్థలం.

1806 జూలై 10 తెల్లవారుజామున కవాతు పెట్టారు. చీకటితోనే వరుసలో నిలబడాలి కాబట్టి 9వ తేదీ రాత్రి సిపాయిలు కోటలోపలే పడుకున్నారు. మామూలుగా అయితే వాళ్ళు బయట ఉంటారు, తలుపులు మూస్తారు. ఆ ఒక్క రాత్రి లోపల ఉన్నారు. ముందురోజు టిప్పు కుమార్తెల్లో ఒకరి పెళ్ళి కూడా జరిగింది, జనం సందడి. రాత్రి రెండు దాటాక మొదలైంది. కాపలావాళ్ళను చంపి, తెల్లవాళ్ళ బ్యారక్స్ చుట్టూ నిలబడి కిటికీల్లోంచి, తలుపుల్లోంచి లోపలికి కాల్చారు. లోపల ఉన్నవాళ్ళు నిద్రలో ఉన్నారు. వందమందికి పైగా చచ్చిపోయారు. జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నవాళ్ళను కూడా వదల్లేదు. కోట కమాండరు ఫాన్‌కోర్ట్ చచ్చిపోయాడు. ఆయన భార్య ఇద్దరు పిల్లలతో దాక్కుని బతికి, చూసినదంతా తర్వాత కాగితం మీద పెట్టింది.

ఈ భాగాన్ని మనం జూలై 10న మైకు పట్టుకున్నప్పుడల్లా దాటేస్తాం. నిద్రలో ఉన్నవాణ్ణి, మంచం మీద రోగిని చంపడం వీరం అని నేను అనలేను. అలాగని కొరడా దెబ్బలను, తలపాగా అవమానాన్ని మరిచిపోనూ లేను. రెండూ అదే రాత్రివి, ఆ రెండూ చెప్పాలి.

తెల్లవారేసరికి కోట మీద మైసూరు జెండా ఎగిరింది. టిప్పు కొడుకు ఫతే హైదర్‌ను రాజన్నారు. ఇక్కడ నాకు ఎప్పుడూ ఒక సంగతి తడుతుంది. ఏడేళ్ళ కిందట శ్రీరంగపట్నం మీదికి టిప్పును చంపడానికి వెళ్ళింది కూడా ఈ మద్రాసు సైన్యమే. పాళెగాళ్ళ కోటలు కూల్చింది ఈ సైన్యమే. జీతం కోసం ఎవరి మీదికైనా వెళ్ళిన మనుషులు, తల మీదికి టోపీ వచ్చేసరికి తాము ఓడించినవాడి జెండానే ఎగరేశారు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. లోపల గెలిచినవాళ్ళు ఖజానా మీద, సామాన్ల మీద పడ్డారు, గుమ్మం సంగతి చూసుకోలేదు. బయట ఉన్న ఒక అధికారి ఆర్కాటుకు కబురు పంపాడు. పదహారు మైళ్ళ దూరం. అక్కడి నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి, తాడు పట్టుకుని గోడెక్కి, వెనక వచ్చిన ఫిరంగులతో తలుపు పగలగొట్టించాడు. మహలులో తలదాచుకున్న దాదాపు వందమంది సిపాయిలను బయటికి ఈడ్చి గోడకు నిలబెట్టి కాల్పించాడు. విచారణ లేదు, పేరు అడగలేదు. మొత్తం మూడు వందల యాభై మంది దాకా పోయారు. తర్వాత విచారణ జరిపి కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు, కొందరిని ఉరితీశారు, కొందరిని ద్వీపాంతరం పంపారు. మూడు బెటాలియన్లను రద్దు చేశారు, సైన్యం జాబితాలోంచి ఆ నంబర్లే కొట్టేశారు. క్రాడక్‌ను, గవర్నరు బెంటింక్‌ను వెనక్కి పిలిపించారు. ఆ బెంటింకే 1828లో గవర్నర్ జనరల్‌గా తిరిగొచ్చాడు, మన పాఠ్యపుస్తకంలో సతీసహగమనం రద్దు చేసిన మంచివాడు. కొత్త తలపాగా కూడా రద్దయింది. హైదరాబాదు సైన్యంలో అయితే గొడవ ముదరకముందే అక్కడి అధికారి ఆ ఆజ్ఞను ఆపేశాడు.

ఆ మూడు బెటాలియన్లలో ఎవరున్నారు? తమిళులు, తెలుగువాళ్ళు, దక్కనీ ముస్లింలు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవారంటే ఉత్తరాదిలో సిపాయికే తిలంగా అని పేరు పడిపోయింది. 1857లో ఢిల్లీలో జనం వాడిన మాట కూడా అదే, అప్పటికి ఆ సైన్యంలో ఒక్క తెలుగువాడు లేకపోయినా. మన భాష పేరు ఒక ఉద్యోగం పేరైంది. రాజుల వల్ల కాదు, నెలకు కొన్ని రూపాయల జీతం కోసం తుపాకీ మోసినవాళ్ళ వల్ల.

మా ఇంట్లో కూడా ఒక మాట ఉండేది. మా తాతకు తాత పటాలంలో పనిచేశాడని, అలా మచిలీపట్నం వైపు నుంచి ఈ వైపుకు వచ్చామని మా అవ్వ చెప్పేది. కాగితం ఏమీ లేదు. మీలో సగంమంది ఇళ్ళల్లో ఇలాంటి మాట ఒకటి ఉంటుందని నాకు తెలుసు. పటాలం కాకపోతే మగ్గం, లేకపోతే రైలు, లేకపోతే బావులు తవ్వే పని. బొమ్మినాయకుడి వంశం మాది అని చెప్పుకునే ఇల్లు మన శాఖలో ఒకటో రెండో ఉన్నాయి. వాళ్ళు కూడా సరదాకే చెబుతారు.

గొడవ తర్వాత ఆ కోట ఏమైంది అన్నది నాకు ఇంకా ఆసక్తి. కట్టినవాళ్ళు అనుకున్న పనికి అందులో ఏ కట్టడమూ నిలవలేదు.

టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు పంపేశారు. మహళ్ళు ఎంతో కాలం ఖాళీగా ఉండలేదు. 1815లో కాండీ రాజ్యం పోయాక, శ్రీ విక్రమ రాజసింహుణ్ణి 1816లో తెచ్చి ఇక్కడే పెట్టారు. ఆయన నాయక్కరు వంశం. మధురై నాయకుల బంధువర్గం నుంచి వెళ్ళి సింహళ సింహాసనం ఎక్కిన తెలుగు మూలాలవాళ్ళు. సుమారు పదహారేళ్ళు ఈ కోటలో బందీగా బతికి 1832 జనవరి 30న ఇక్కడే పోయాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది, ముత్తుమండపం అంటారు. మన శాఖ యాత్రలు కాణిపాకం, తిరుపతి, గోల్డెన్ టెంపుల్ దాకా వెళతాయి గాని ఊళ్ళోనే ఉన్న ఈ సమాధికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. రాజుల పలక కావాలనేవాళ్ళు ముందు అక్కడికి ఒక పూలదండ పట్టుకెళ్ళి ఉంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదేమో. సరే, అది పక్కన పెడదాం.

జలకంఠేశ్వరుడి గుడి సంగతి అందరికీ తెలుసు. ఆ కల్యాణ మండపం చెక్కడం చూసి నోరు తెరవని మనిషి లేడు. అలాంటి గుడిని యుద్ధాల కాలంలో ఆయుధాలు దాచే కొట్టుగా వాడారు. ఎన్నో తరాలు మూలవిరాట్టు లేకుండా గుడి ఉంది. సత్తువాచ్చారిలో ఉంచిన లింగాన్ని 1981 మార్చిలో ఊరి జనం తెచ్చి మళ్ళీ లోపల పెట్టారు. మా నాయన ఆ రోజు జనంలో ఉన్నాడు. చెప్పులు పోగొట్టుకుని వట్టి కాళ్ళతో ఇంటికి వచ్చాడు, దాన్ని బతికినంత కాలం గొప్పగా చెప్పుకున్నాడు. కావాలని పట్టుబడితే ఆయుధాగారం మళ్ళీ గుడి అవుతుందని ఈ ఊరు చూపించింది.

గోడల లోపలే తెల్ల పటాలం కోసం 1846లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి ఉంది. పటాలం వెళ్ళిపోయి ఎన్నాళ్ళో అయింది, ప్రార్థన మాత్రం ఆగలేదు. 19వ శతాబ్దం చివర్లో పోలీసు శిక్షణ పాఠశాల వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడేదాకా మన తెలుగు జిల్లాల ఎస్‌ఐలు కూడా ఇక్కడికే వచ్చి కవాతు నేర్చుకునేవాళ్ళు. సిపాయిలు తిరగబడిన నేల మీదే తర్వాతి తరాలకు లెఫ్ట్ రైట్ నేర్పారు. స్వాతంత్ర్యం తర్వాత రకరకాల ప్రభుత్వ ఆఫీసులు, మ్యూజియం. ఇక టిప్పు మహలు మళ్ళీ చెరసాలే అయింది. శ్రీలంక పోరాటానికి చెందినవాళ్ళను అందులో నిర్బంధిస్తే, 1995 ఆగస్టులో 43 మంది సొరంగం తవ్వి పారిపోయారు. అప్పుడు వారం రోజులు ఊళ్ళో ఎక్కడ విన్నా అదే మాట. టిప్పు కొడుకులకు తట్టని ఉపాయం అని మా వీధి టీ కొట్టాయన జోకు.

చూడండి, మహలు జైలైంది, గుడి ఆయుధాగారమై మళ్ళీ గుడైంది, దండు ఉన్నచోట పోలీసు బడి వచ్చింది. కట్టినవాడి పేరు పలక మీద చెక్కితే ఇందులో ఏదీ తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. సమావేశంలో ఒక పెద్దాయన అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "మన పేరు ఎక్కడా రాసి లేకపోతే రేపు మీరు ఇక్కడివాళ్ళే కాదంటారు నాయనా" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. ఎన్నికలు దగ్గరపడితే "వందేరి" అనే మాట ఎక్కడో ఒకచోట వినబడుతుంది. మూడు వందల ఏళ్ళు పాలారు నీళ్ళు తాగినా మనల్ని వచ్చినవాళ్ళనే అంటారు. బడిలో మన పిల్లల్ని ఎవరో అన్న మాట ఇంటికి వచ్చి చెబితే మనకెలా ఉంటుందో తల్లిదండ్రులకు తెలుసు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఆయన దగ్గర నేను లెక్కలు నేర్చుకున్నాను.

కానీ అయ్యా, ఒక్క మాట. మనల్ని వందేరి అనేవాడు ఏమంటాడు? "మీరు నాయకులతో వచ్చారు, మమ్మల్ని పాలించడానికి వచ్చారు" అంటాడు. మనం నల్లరాతి మీద, మన చందాలతో, కోట గుమ్మంలో అదే మాట చెక్కించి పెడితే? వాడి వాదానికి మనమే సాక్షి సంతకం చేసినట్టు కాదా? పైగా తెలుగులో. వాడు చదవలేడు, ఎవరో తర్జుమా చేసి చెబుతారు, ఎలా చెబుతారో మన చేతిలో ఉండదు. మన పిల్లలూ చదవలేరు. మన శాఖలో పాతికేళ్ళ లోపు వాళ్ళలో తెలుగు అక్షరాలు కూడబలుక్కోగలిగినవాళ్ళు ఎందరు? నా ఇంట్లోనే లేరు, ఒప్పుకుంటాను.

అదే బ్యారక్స్ కథ అయితే వేరు. ఆ రాత్రి తమిళుడు, తెలుగువాడు, ముస్లిం ఒకే గుడిసెల వరుసలోంచి వచ్చారు, ఒకే అవమానానికి తిరగబడ్డారు, ఒకే గోడకు ఆనించి కాలిస్తే చచ్చారు. ఆ గోడ దగ్గర ఎవడిది ఏ ఊరని గిలెస్పీ అడగలేదు. ఈ ఊళ్ళో మన హక్కు గురించి మాట్లాడాల్సి వస్తే నేను ఆ గోడ దగ్గర నిలబడి మాట్లాడతాను. గుమ్మం దగ్గర రాజు పేరు కింద నిలబడి కాదు.

ఇంకో తేడా కూడా ఉంది. చచ్చిన 69వ రెజిమెంటువాళ్ళకు కోట బయట తెల్లవాళ్ళ శ్మశానంలో జ్ఞాపక చిహ్నం ఉంది. ఉండాలి, వాళ్ళూ ఎవరి బిడ్డలో. సిపాయిల కోసం మక్కాన్ దగ్గర 1998లో స్తూపం కట్టారు, ప్రతి జూలై 10న అధికారులు వచ్చి దండ వేస్తారు. 2006లో రెండు వందల ఏళ్ళకు తపాలా బిళ్ళ వచ్చింది. మంచిదే. కానీ అవన్నీ కోట బయట. వాళ్ళ గుడిసెల ఆనవాలు ఎక్కడా లేదు, మట్టిది మట్టిలో కలిసింది. రాతి కట్టడం నిలిచింది కాబట్టి రాతిలో ఉన్నవాళ్ళ కథ నిలిచింది. మనమూ మళ్ళీ రాతివాళ్ళ పక్కనే నిలబడతామంటే ఎలా?

ఇది మొదటి స్వాతంత్ర్య సమరమా, కాదా అనే పోటీ కూడా మనకు వద్దు. ఒడిశా సభ్యులు 1817 పైకుల తిరుగుబాటు మొదటిది అంటారు, కర్ణాటకవాళ్ళు 1824 కిత్తూరు అంటారు, మన కర్నూలు వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు వస్తుంది, ఉత్తరాదివాళ్ళు 1857 దగ్గర పట్టు వదలరు. ప్రతి రాష్ట్రానికీ తన మొదటిది ఉంది. పోటీలో గెలిచినా ఆ సిపాయిల్లో ఒక్కడి పేరు కూడా మనకు కొత్తగా తెలియదు.

కొంచెం వ్యవహారం కూడా మాట్లాడతాను, కోశాధికారి గారు కోప్పడకండి. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆ పైన ఇంకో రెండు వందల మీటర్లు అనుమతి తీసుకుంటేనే. గుమ్మంలో మన పలక పెట్టనివ్వరు. రాయి చెక్కించి పెట్టుకుంటే చివరికి అది మన సంఘం మెట్ల కింద ఉంటుంది, మూలన పడి ఉన్న పాత సౌండ్ సిస్టం పక్కన.

నేను అడగాలనుకునేది వేరే బోర్డు. పురావస్తు శాఖ తానే పెట్టే బోర్డులు ఉంటాయి కదా, నీలి రంగువి. అలాంటిది ఒకటి: 1806లో తెల్లవాళ్ళ బ్యారక్స్ ఏ కట్టడం, వందమందిని కాల్చింది ఎక్కడ, సిపాయిల లైన్లు కోటకు ఏ దిక్కున ఉండేవి, ఏ బెటాలియన్లు, అందులో ఏయే భాషలవాళ్ళు. తమిళంలో, ఇంగ్లీషులో ఉంటే చాలు. తెలుగులో కూడా పెడితే సంతోషమే, పెట్టకపోతే నేను పోట్లాడను. ఆ బోర్డులో తెలుగువాళ్ళు అనే ఒక్క మాట తమిళ అక్షరాల్లో ఉంటే చాలు, బడి పిల్లలందరూ చదువుతారు, మన పిల్లలతో సహా. ఈ అర్జీ మీద ఊళ్ళో తమిళ సంఘంవాళ్ళూ, ముస్లిం పెద్దలూ మనతో సంతకం పెడతారు. బొమ్మినాయకుడి పలక మీద పెడతారా? మీరే చెప్పండి.

పోగైన చందా ఏం చెయ్యాలి అంటారా, ఇళ్ళల్లో ఉన్న పాత కాగితాలకు వాడదాం. పింఛను కాగితం, పటాలం విడుదల పత్రం, మెడల్, వెనకాల పేరు రాసిన ఫోటో, ఇంటి పట్టా, ఏదైనా సరే. స్కాన్ చేయించి ఒకచోట పెట్టే ఖర్చు పలక ఖర్చులో సగం కూడా కాదు. కాంప్టీ, జాల్నా, బళ్ళారి, బెంగళూరు దండు, ఈ ఊళ్ళల్లో మద్రాసు పటాలాల వెంట వచ్చి నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడి సభ్యుల దగ్గర మా దగ్గర లేని కాగితాలు ఉండొచ్చు. తగరపు డబ్బాల్లో చెదలు పట్టకముందు తియ్యండి. మా అవ్వ పెట్టెలో ఉన్నవి మేము ఆలస్యం చేసి పోగొట్టుకున్నాం, అందుకే చెబుతున్నా.

తీర్మానం అయిపోయింది, ఇక మార్చకూడదు అని కార్యదర్శి గారు అంటే నేను ఒప్పుకుంటాను, సంఘం నిర్ణయం సంఘానిది. కానీ వచ్చే సమావేశంలో ఈ విషయం మళ్ళీ చర్చకు పెట్టమని ఇక్కడే అడుగుతున్నాను. నాతో ఏకీభవించేవాళ్ళు కింద పేరు రాయండి, ఏకీభవించనివాళ్ళు కారణం రాయండి. పెద్దాయనను ఎవరూ ఒక్క మాట అనవద్దు.

జూలై 10న తెల్లవారి ఆరు గంటలకు నేను కోట తూర్పు గుమ్మం దగ్గర ఉంటాను. బ్యానరు లేదు, మైకు లేదు. లోపల ఒక చుట్టు నడిచి, తర్వాత మక్కాన్ స్తూపం దగ్గరికి, అక్కడి నుంచి ఓపిక ఉన్నవాళ్ళం ముత్తుమండపానికి. పిల్లల్ని తీసుకురండి, టిఫిను నేను పెట్టిస్తాను. ఎంతమందో ముందురోజు సాయంత్రంలోగా చెబితే ఇడ్లీలు లెక్క చెప్పుకోవచ్చు.